పావు చుట్టు

నర్సమ్మ ప్లాస్టిక్ సీసాను వెలుగులోకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. తర్వాత ఆ కన్ను తెరిచి, రెండోది మూసి చూసింది. ఏ కంటితో చూసినా అందులో ఉన్నది మంచినీళ్ళలాగే ఉంది.

"మేస్త్రిగారూ, మీరు మాత్రలు మింగడం లేదు," అంది.

కాటాల మేస్త్రి ఆ మాట తనను కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడు. వెనక బెంచీల మీద బస్సు డ్రైవరు, ఇస్త్రీ చేసే ఆమె, ఇంకో పదిహేను మంది దాకా ముక్కులకు గుడ్డలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. అందరూ తనవైపే చూస్తున్నారు. మాట ఎవరికి తగిలిందో అప్పుడు తెలిసింది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఇది చెప్పింది." ఆమె సీసాను బల్ల మీద పెట్టింది. "ఈ మాత్రలు మింగినవాళ్ళకి ఎర్రగా వస్తుంది. ఆ డ్రైవరుగారిని అడగండి. ఈ అక్కనడగండి, మొదటిరోజు రక్తం పడుతోందని ఏడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. మీది చూడండి. కుళాయి నీళ్ళకైనా కాస్త రంగుంటుంది."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు దగ్గుగా మారింది. ఆ షెడ్డులో ఏ నవ్వయినా చివరికి దగ్గులోకే దిగుతుంది.

"మొదటి నెల నాకూ ఎర్రగానే వచ్చేదమ్మా."

"మొదటి నెల మింగి ఉంటారు. తర్వాత బద్ధకించారు. బరువు చూడండి మరి." కార్డు అతనివైపు తిప్పింది. "మొదలుపెట్టినప్పుడు యాభై నాలుగు. పోయిన నెల యాభై మూడు. ఇవాళ యాభై రెండు. మందు పనిచేస్తే పెరగాలి కదా. మీరే చెప్పండి, నేనేమనుకోవాలి?"

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు అది. గాలి ఆడాలని మూడు వైపులా గోడలు కట్టలేదు. ముందున్న పెద్ద భవనంలో షుగరు, బీపీ, కళ్ళు, పళ్ళు అన్నీ చూస్తారు. టీబీ వాళ్ళు మాత్రం అటు వెళ్ళకూడదు. పక్క సందులోంచి వచ్చి, పక్క సందులోంచే పోవాలి. గురువారం గురువారం డాక్టరమ్మ ఇక్కడికే వస్తుంది. ఇవాళ గురువారమే అయినా ఆమె రాలేదు. మిగతా రోజులన్నీ నర్సమ్మదే రాజ్యం. ఒక బల్ల, ఒక బీరువా, గుండ్రటి ముఖం ఉన్న ఒక స్ప్రింగు కాటా, పద్దెనిమిది కార్డులు. ఇంత రాజ్యాన్నీ ఆమె ఒక్కతే ఏలుతుంది కాబట్టి అందరినీ ఒకే కళ్ళతో చూస్తుంది. ఆ కళ్ళు కొంచెం అనుమానపు కళ్ళు.

మేస్త్రికి కోపం తొందరగా రాదు. త్రాసు ముల్లు ఊగుతున్నంతసేపూ నోరు మెదపకూడదని అతనికి పని నేర్పిన గురువు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ అలవాటు పని దాటి మనిషిలోకి ఎక్కింది. ఇప్పుడూ లోపల ఏదో ఊగుతోంటే, అది ఆగేదాకా ఆగాడు.

"ఒక్క మాత్ర కూడా మానలేదమ్మా. మీ కాటాలో ఏమైనా తేడా ఉందేమో."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట," అంది నర్సమ్మ. ఎర్ర కలం మూత తీసి, కార్డు మీద రాస్తూ పైకి చదివింది: "మాత్రలు వేసుకోవడం లేదని అనుమానం. రేపటినుంచి రోజూ పొద్దున తొమ్మిదికి ఇక్కడికొచ్చి, నా కళ్ళ ముందు మింగాలి."

మేస్త్రి కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సందులోకి వచ్చాక, వెంట తెచ్చుకున్న లీటరు సీసాలో నీళ్ళు సగం గడగడా తాగాడు. ఈ మధ్య దాహం ఎక్కువైంది. మాత్రల వేడి అనుకుంటున్నాడు. వెనకే వచ్చిన డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "ఎర్ర సిరా పడితే మందంతా మళ్ళీ మొదటికి తెస్తారంట అన్నా. మింగకపోతే మింగలేదని చెప్పెయ్, నేనేం అనుకోను," అన్నాడు. అంత ప్రేమగా అన్నందుకు మేస్త్రికి ఇంకా బాధ కలిగింది.

జబ్బు వచ్చిందని బజారులో ఎవరూ అతన్ని దూరం పెట్టలేదు. దగ్గు తగ్గేదాకా దుకాణం మూసుకుంటే, రెండు వారాలూ కాటాలు అలాగే ఆపుకుని ఎదురుచూశారు. మేస్త్రి సీసపు ముద్ర వేసి ఇచ్చిన కాటా మీద కొనేవాడూ అమ్మేవాడూ మారుమాట్లాడకుండా తూకం ఒప్పుకుంటారు. ఆ ముద్ర విలువంతా మేస్త్రి అబద్ధం చెప్పడన్న నమ్మకంలోనే ఉంది. రోజూ తొమ్మిదికి ఒకరి ముందు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించే మనిషి ముద్రను రేపు ఎవరు నమ్ముతారు? అతనికి ఊపిరితిత్తుల కన్నా ఆ ముద్ర గురించే దిగులు పట్టుకుంది.

*

భార్యకు జరిగింది చెప్పాడు. ఆమె గిన్నె తోముతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఆవిడ కళ్ళు పోను. మిమ్మల్నా అంత మాట అన్నది?"

అని, మళ్ళీ తోమడం మొదలుపెట్టి, కాసేపయ్యాక తల ఎత్తకుండా అడిగింది. "మింగుతున్నారుగా?"

ఆ చివర 'గా' ఒక్కటీ మేస్త్రికి గుచ్చుకుంది. "మింగుతున్నాను," అన్నాడు.

జబ్బని తెలిసిన రోజునుంచీ ఆమె అతన్ని పసిపిల్లాడిలా మేపుతోంది. టీబీకి తిండే సగం మందని డాక్టరమ్మ అన్న మాటను ఆమె వేదవాక్కుగా పట్టుకుంది. పొద్దున గ్లాసుడు పాలు, అందులో మూడు చెంచాల చక్కెర. పదకొండింటికి అరటిపళ్ళు. మధ్యాహ్నం ఎండలో నీరసం రాకుండా గ్లూకోజు నీళ్ళు. సాయంత్రం ఖర్జూరాలు తేనెలో. మేస్త్రి వద్దన్నది లేదు. ఆకలి కూడా అలాగే వేసేది. "తిన్నదంతా ఎక్కడికి పోతోందండీ?" అని ఆమె అతని జబ్బ పట్టుకుని చూసి మర్నాడు నాలుగో చెంచా వేసేది.

ఆ సాయంత్రం నడుం వాల్చబోతే దిండు గలేబు కొత్తగా కనిపించింది. కొత్తది కాదు. తిరగేసి తొడిగారు. కుట్టు బయటికి ఉంది. మేస్త్రి దాన్ని వేలితో తడిమాడు. గలేబు విప్పి, దిండు లోపల చెయ్యి పెట్టి వెతికి, కంగారులో తిరగేసి తొడిగిందన్నమాట. మాత్రలు దాచాడేమోనని చూసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లోనే ఓడిపోతే ఇక రచ్చ మాటెందుకు? అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. గలేబు విప్పి సరిగ్గా తొడిగి, దాని మీదే పడుకున్నాడు.

*

మర్నాడు తొమ్మిదికి షెడ్డులో నర్సమ్మ ముందు మాత్రలు మింగాడు.

"నోరు తెరవండి. నాలుక ఎత్తండి. అటు తిప్పండి. సరే."

"అమ్మా, ఒకటడగనా? సోమవారం ఇక్కడ జనం ఉండరు కదా. మీ కాటాను ఒకసారి పరీక్ష చేస్తాను. నా పని అదే. రూపాయి అక్కర్లేదు."

నర్సమ్మ కాటావైపు చూసింది. తెల్ల పెయింటు ఊడిన చోట్ల తుప్పు పట్టి, దాని మొహం కూడా ఒక రోగి మొహంలాగే ఉంది. "రోజూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూసుకుంటున్నాను. బాగానే ఉంటుంది."

"ఖాళీ కడుపుతో ఎవరైనా నిజమే చెప్తారమ్మా. బరువు పడ్డప్పుడు ఏం చెప్తుందో చూడాలి."

ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "సరే చూడండి. అది తక్కువ చూపిస్తోందని తేలితే, నా చేత్తోనే ఎర్ర రాత కొట్టేస్తాను. మరి సరిగ్గా ఉంటే?"

"సరిగ్గా ఉంటే రోజూ వచ్చి నాలుక చూపిస్తాను. మళ్ళీ మాట్లాడను."

శని ఆదివారాల్లో మేస్త్రి ఐదు ఇనప గుండ్లను గుడ్డతో తుడిచాడు. ఒక్కోటి పది కేజీలు. ఏడాదికోసారి తనిఖీ చేయించి, నూనె గుడ్డలో చుట్టి పెట్టుకునే గుండ్లవి. వాటి మీద ధూళి పడినా అతనికి నిద్ర పట్టదు. కాటా తక్కువ చూపిస్తూ ఉండాలని, ఎన్నడూ లేనిది, మనసులో కోరుకున్నాడు. గుండ్లు తుడుస్తున్నంతసేపూ కోరుకుంటూనే ఉన్నాడు.

*

సోమవారం గుండ్లు మోయడం భార్య వంతైంది. మూడు చక్రాల బండి దిగి, సందులోంచి షెడ్డుదాకా ఒక్కో గుండునూ చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొచ్చింది. మేస్త్రి సాయం పట్టబోతే, "మీరు ఊరికే ఉండండి, ఆయాసపడతారు," అని కసిరింది. అతని చేతిలో పనిముట్ల సంచీ, నీళ్ళ సీసా మాత్రమే ఉన్నాయి. సీసా దారిలోనే ఖాళీ అయింది. షెడ్డు బయట కుళాయి దగ్గర మళ్ళీ నింపుకున్నాడు.

కాటా కింద నేల సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూశాడు. ఒక కాలి కింద రేకుముక్క దోపాడు. ఖాళీ కాటా ముల్లు సున్నా దగ్గర నిలిచింది.

"ఒకటి పెట్టు."

భార్య గుండును పలక మధ్యలో దించింది. ముల్లు ఎగిరి, ఊగి, ఆగింది. మేస్త్రి వంగి చూశాడు.

"రెండోది."

మళ్ళీ ఊగి, ఆగింది. ఈసారి అతను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

"మూడు... నాలుగు... ఐదోది కూడా పెట్టెయ్."

పలక మీద యాభై కేజీల ఇనుము ఉంది. ముల్లు యాభై రెండు మీద నిలబడింది.

మేస్త్రి అలాగే వంగి ఉండిపోయాడు. కాటా తప్పే. కానీ తను కోరుకున్న తప్పు కాదు. తక్కువ చూపించడం లేదు, ఎక్కువ చూపిస్తోంది. స్ప్రింగు అలిసిపోయింది. నెలనెలా ఇంకాస్త అలిసిపోతూ, ఎక్కిన ప్రతి మనిషినీ ఇంకాస్త మెచ్చుకుంటోంది. అంటే కార్డు మీద ఉన్న యాభై రెండు కూడా తనది కాదు. తను ఉన్నది యాభయ్యే. మద్దెల నిజంగానే ఓడు, కానీ ఆట ఇంకా అధ్వాన్నం. తన నెత్తి మీదికి రాయి తనే దొర్లించుకొచ్చినట్టయింది.

భార్య పక్కకి వచ్చి వంగింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెకు ముల్లు చదవడం వచ్చు. నర్సమ్మ బీరువా దగ్గర మందుల పెట్టెలు సర్దుకుంటోంది. వీపు ఇటు ఉంది.

"ఆ మర ఎటు తిప్పితే తక్కువ చూపిస్తుంది?" భార్య కాటా పక్కనున్న మరను చూపిస్తూ గుసగుసగా అడిగింది.

"ఎడమకి."

"తిప్పండి. యాభై గుండ్లకి నలభై ఎనిమిది చూపించేలా తిప్పి, ఆవిడని పిలవండి. కాటా తక్కువ చూపిస్తోందని కళ్ళారా చూస్తుంది. ఎర్ర గీత కొట్టేస్తుంది. రేపు మెల్లగా సరిచేసుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు?"

మరను తిప్పే మరచుట్టు అప్పటికే అతని చేతిలో ఉంది. పావు చుట్టు తిప్పితే చాలు. పావు చుట్టులో మాటా దక్కుతుంది, ముద్రా దక్కుతుంది, ఇంట్లో దిండు గలేబూ సరిగ్గా ఉంటుంది. అతనికి ఆశ పుట్టలేదంటే అబద్ధం. చెయ్యి మర దాకా వెళ్ళింది కూడా.

కాటా బాగుచేసేవాడు కాటా ఎక్కకూడదని గురువు అనేవాడు. తన బరువు దాని మీద చూసుకున్నవాడికి చేతిలో పక్షపాతం పుడుతుందట. అందుకే ఇన్నేళ్ళలో మేస్త్రి తన దుకాణానికొచ్చిన ఏ కాటా మీదా కాలు పెట్టలేదు. ఆ మాట చాదస్తమనుకునేవాడు. పక్షపాతం ఎలా ఉంటుందో ఇప్పుడు చేతి వేళ్ళకు తెలిసింది.

మరచుట్టును సంచీలో వేశాడు.

"నర్సమ్మా, ఒకసారి ఇటు రండి. కాటా తప్పే. కానీ నా వైపు కాదు."

ఆమె వచ్చి చూసింది. మొదట అర్థం కాలేదు. ఒక్కో గుండూ తీయిస్తూ, పెట్టిస్తూ చూపించాడు. "పదికి నాలుగొందల గ్రాములు ఎక్కువ చెప్తోంది. యాభైకి రెండు కేజీలు. ఈ లెక్కన నేను గురువారం ఉన్నది యాభై రెండు కాదు. యాభై, అటూ ఇటూగా."

నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు గుండ్లవైపు, కాసేపు అతనివైపు చూసింది.

"ఇది నాకెందుకు చెప్పారు? నాకు తెలిసేది కాదుగా."

"మీరు పరీక్ష చెయ్యమన్నది కాటాని కదమ్మా. నన్ను కాదు." సీసా మూత తీసి, తల వెనక్కి వాల్చి, ఆగకుండా తాగాడు. అడుగు కనిపించాక మూత పెట్టి, "ఇప్పుడే వస్తాను," అని మరుగుదొడ్డి వైపు నడిచాడు.

నర్సమ్మ అతను వెళ్ళిన దారినే చూస్తూ ఉంది. వచ్చిన గంటలో వెళ్ళడం ఇది మూడోసారి. ఖాళీ సీసాను చేతిలోకి తీసుకుంది.

"అక్కా, ఇది పొద్దున్నుంచి ఎన్నో సీసా?"

"మూడోది. రోజుకి ఏడెనిమిది తాగుతారు. మాత్రల వేడి."

"ఏడెనిమిదా!" నర్సమ్మ లేచి నిలబడింది. అన్ని నీళ్ళు తాగి, అన్నిసార్లు పోస్తే, ఏ రంగు నిలుస్తుంది? చెంచాడు రంగును బిందెడు నీళ్ళలో కలిపి, రంగేదీ అని అడిగింది తను. "మరి తిండి?"

"బాగా తింటారు. పాలల్లో నాలుగు చెంచాల చక్కెర వేస్తున్నాను. గ్లూకోజు, ఖర్జూరాలు, తేనె..." భార్య గర్వంగా చెప్తూ చెప్తూ, నర్సమ్మ మొహం చూసి ఆగిపోయింది.

నర్సమ్మ చెప్పులు టకటకలాడించుకుంటూ ముందు భవనంలోకి వెళ్ళింది. షుగర్ గదిలో గుమాస్తా అడ్డం పడ్డాడు. ఆ మెషీను మంగళవారం వాళ్ళది, వెనక షెడ్డుకి పంపకూడదు అన్నాడు. "ఇవాళ సోమవారం. ఊరికే పడుంది కదా, కాస్త నడిపించుకొస్తాను," అని ఆమె దాన్ని కోటు జేబులో వేసుకుని వచ్చేసింది. అరచేయంత మెషీను. ఆ భవనానికీ ఈ షెడ్డుకీ మధ్య నలభై అడుగుల దూరం. అయినా ఇన్నేళ్ళలో అది ఇటు రాలేదు.

మేస్త్రి వేలి చివర సూది గుచ్చి, రక్తపు బొట్టును చిన్న పట్టీకి అందించింది. ముగ్గురూ మెషీను మీదికి వంగారు. మేస్త్రి అలవాటు కొద్దీ ముల్లు ఎక్కడుందా అని వెతికాడు. ముల్లు లేదు, అంకెలు మాత్రం వచ్చాయి. మూడు వందల ఎనభై రెండు.

"ఎంత ఉండాలి?"

"అందులో సగం కూడా ఉండకూడదు," అంది నర్సమ్మ. "మీకు షుగరుంది మేస్త్రిగారూ. బాగా ఉంది. తిన్నది ఒంటికి పట్టకపోవడం, ఈ దాహం, అన్నీ దాని పనే. అది అదుపులో లేకపోతే టీబీ మందు కూడా కుంటుకుంటూ నడుస్తుంది." గొంతు తగ్గించి, "మీరు మింగుతూనే ఉన్నారు," అంది.

భార్య మొహం చేతుల్లో దాచుకుంది. "నేనే పోశాను. చెంచా మీద చెంచా వేసి నా చేతులారా పోశాను."

"పిచ్చిదానా," అన్నాడు మేస్త్రి. అతనికి దుఃఖం రాకపోగా, నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్న గుండు ఎవరో దించినట్టుంది. "పాలు మాత్రం బ్రహ్మాండంగా ఉండేవి."

*

ఆ సాయంత్రమే దుకాణంలోంచి కొత్త స్ప్రింగు తెచ్చి బిగించాడు. ఐదు గుండ్లూ మళ్ళీ పెట్టి చూసి, తీగ చుట్టి సీసపు ముద్ర నొక్కాడు.

గురువారం షెడ్డులో గోల మొదలైంది. ఎక్కినవాళ్ళందరూ రెండేసి కేజీలు తగ్గిపోయారు.

"అన్నా, పోయిన వారం నేను డెబ్భై. ఇవాళ అరవై ఏడు! ఏం చేశావు నువ్వు?" అని డ్రైవరు కాటా దిగకుండా అరిచాడు.

"నేనేం చెయ్యలేదు. నీవి కానివి తీసేశాను."

"నాలుగు నెలలుగా తింటే పెరిగిన రెండు కేజీలు," అని ఇస్త్రీ చేసే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడాను. నా రెండు కేజీలు నాకిచ్చెయ్ మేస్త్రీ."

అందరిలోకీ నర్సమ్మ ఒక్కతే సంతోషించింది. ఎవరూ చూడకుండా తనూ ఎక్కి, దిగి, కోటు సర్దుకుంది.

డాక్టరమ్మ వచ్చి కార్డులన్నీ ముందేసుకుంది. చిన్న వయసు మనిషి, మాట తక్కువ. సరైన తూకంతో సరిచూస్తే, పెరిగారనుకున్న వాళ్ళలో చాలామంది ఉన్నచోటే ఉన్నారు, కొందరు తగ్గారు. ఆమె మేస్త్రి కార్డు మీద నర్సమ్మ రాసిన మూడు వందల ఎనభై రెండును రెండుసార్లు చదివింది.

"మిగతావాళ్ళకి చూశారా?"

"లేదు మేడమ్. మెషీను ఇవాళ కూడా తెచ్చాను." నర్సమ్మ జేబు తట్టింది. "ఇవాళ మాత్రం అడిగే తెచ్చాను."

పద్దెనిమిది మంది వేళ్ళు వరసగా చాచారు. డ్రైవరు సూదికి భయపడి కళ్ళు మూసుకుంటే, ఇస్త్రీ చేసే ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. పద్దెనిమిది మందిలో ఐదుగురికి షుగరుంది. మేస్త్రికి, డ్రైవరుకి, ఇంకో ముగ్గురికి. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఉందని అంతవరకూ తెలియదు. ఒకాయనకి తెలుసు, కానీ ఇక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇస్త్రీ చేసే ఆమెకు లేదు. ఆమె రెండు కేజీల దుఃఖం సగం తగ్గింది.

"ఇంతమందికా!" అన్నాడు డ్రైవరు. "ఒక జబ్బు చాలదా మాకు?"

"ఈ రెండు జబ్బులకీ తోడికోడళ్ళ సఖ్యం," అంది డాక్టరమ్మ. "ఒకటి ఉన్న ఇంట్లో రెండోది కూడా ఉందేమో చూడాలి. మనం చూడలేదు. ఒకదాన్ని ముందు గదిలో, ఒకదాన్ని వెనక షెడ్డులో పెట్టి, రెండూ ఎరగనట్టు ఊరుకున్నాం. ఇకనుంచి కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే వేలు చూస్తాం."

ఐదుగురికీ షుగరు మందు రాసి, ఏం తినాలో ఏం తినకూడదో మెల్లగా చెప్పింది. పాలు తాగొచ్చు, చక్కెర లేకుండా. గుడ్డు, పప్పు, కూరలు కడుపునిండా తినొచ్చు. తేనెకీ గ్లూకోజుకీ సెలవు. మేస్త్రి భార్య ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంది.

అందరూ వెళ్ళాక నర్సమ్మ మేస్త్రి కార్డు బయటికి తీసింది. ఎర్ర రాత మీద నల్ల కలంతో అడ్డంగా గీత కొట్టి, కార్డు ఇవ్వబోయింది.

"పక్కన సంతకం పెట్టండమ్మా," అన్నాడు మేస్త్రి. "కొట్టివేతకి సంతకం లేకపోతే ఎవరు కొట్టారో తెలీదు."

నర్సమ్మ సంతకం పెట్టింది. తేదీ వేసింది. కాస్త ఆగి, దాని కింద ఇంకో వరస రాసింది. మేస్త్రి సందులో నిలబడి చదువుకున్నాడు. 'అన్ని మాత్రలూ మింగాడు. తప్పు నాది.'

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. కార్డును కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు.

*

షుగరు మందు మొదలైన మూడో వారంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో భార్య అన్నం గిన్నె విప్పుతూ ఉన్నట్టుండి అంది.

"ఒక మాట చెప్పాలి. మీరు మాత్రలు దాచారేమోనని నేను దిండు వెతికాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"గలేబు తిరగేసి తొడిగావు. కుట్టు బయటికొచ్చింది."

ఆమె గిన్నె మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "తెలిసీ ఒక్క మాట అనలేదు."

"ముల్లు ఊగుతోంది కదా. ఆగేదాకా ఆగాను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. నీళ్ళ సీసా అతని పక్కన నిండుగానే ఉంది. పొద్దున నింపింది, ఇంకా సగం కాలేదు. పొద్దున్నే అతను దొడ్లోంచి వచ్చి, "ఎర్రగా వచ్చిందోయ్," అని పరీక్ష పాసైన పిల్లాడిలా చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆమె మళ్ళీ నవ్వింది.

దుకాణం మూలన ఒక పలక కాటా ఉంది. ఎవరిదీ కాదు, మేస్త్రి సొంతం. తూకం సరిచూసి, ముద్ర వేసి ఉంది. అతను చెప్పులు విప్పి దాని ముందు నిలబడ్డాడు.

"మీరు కాటా ఎక్కకూడదుగా?"

"బాగుచేయాల్సిన కాటా ఎక్కకూడదు. ఇది బాగైపోయింది. దీన్ని నేనింక ముట్టుకోను." జేబులోంచి మరచుట్టు తీసి ఆమె చేతికిచ్చి, పలక మీదికి ఎక్కాడు. తల దించకుండా ఎదురుగా గోడవైపు చూశాడు. "నువ్వే చదువు."

ఆమె వంగింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"యాభై ఒకటి!"

"ముల్లు ఎక్కడుందో అది చెప్పు."

ఆమె ఇంకాస్త వంగింది. కాసేపు తటపటాయించింది.

"యాభై... ఆరొందలు."

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. ఆరొందల గ్రాములు పెరిగాడు. అన్నీ తనవే. తృప్తిగా దిగి, చెప్పులు తొడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాడు.

"నువ్వు కలిపిన ఆ నాలుగొందలు పారేయకు," అన్నాడు. "వచ్చే వారానికి ఉంచు."